కంచ లెక్క ఎవరు రాయాలి?

ఇటిక్యాలలో గొర్లు కాసే ఏ పెద్దమనిషిని అడిగినా కంచ అంటే ఏందో చెప్తాడు. జీవాలు మేసే జాగ అది. వానాకాలం గడ్డి, ఎండాకాలం తుమ్మకాయ, రేగుపండు, గుట్ట కింద కుంటలో గుక్కెడు నీళ్లు. అదే కంచ రెవెన్యూ కాగితంలోకి పోతే పోరంబోకు అవుతుంది. పోరంబోకు రాజధాని దగ్గరుంటే వేలం సరుకు అవుతుంది.

కంచ గచ్చిబౌలిలో జరిగింది ఇదే. 2025 మార్చి 30న సర్వే నంబరు 25లోని 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం పడ్డారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనే నాటికి సుమారు 100 ఎకరాల పచ్చదనం నేలకూలింది. భూమి మాదేనని సర్కారు, యూనివర్సిటీదని విద్యార్థులు వాదించుకున్నారు. అసలు ప్రశ్న వేరే. ఆ భూమిలో ఏముందో ముందుగా లెక్క తీసిందెవరు? నరికినంక లెక్క తీయడం శవపరీక్ష అవుతుంది, సర్వే కాదు.

ఆ యూనివర్సిటీ మనకు ఎవరో దానంగా ఇచ్చింది కాదు. 1969లో తెలంగాణ బిడ్డలు ప్రాణాలిస్తే, తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో ఒక సూత్రంగా 1974లో ఈ కేంద్ర విశ్వవిద్యాలయం పుట్టింది. 2003లో చంద్రబాబు ప్రభుత్వం ఈ 400 ఎకరాలను ఐఎంజీ భారత అనే కంపెనీకి రాసిచ్చింది. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. 2024 దాకా కోర్టుల్లో కొట్లాట నడిచింది. కంపెనీ నుంచి భూమి వెనక్కి వచ్చినందుకు సంతోషించాలి. కానీ తిరిగొచ్చిన భూమిని స్వరాష్ట్రంలోని సర్కారు కూడా ఖాళీ జాగగానే చూస్తే మనం సాధించుకున్నది ఏమిటి?

లెక్క విలువ ఉద్యోగులకు చెప్పనక్కర లేదు. అధికారుల కమిటీ కూర్చొని 58,962 మంది స్థానికేతరులని తేల్చిన తర్వాతే 1985లో 610 జీవో వచ్చింది. జీవో అమలు కాకపోయినా ఆ అంకె మాత్రం మన చేతిలో ఆయుధమైంది. నడిగడ్డ రైతుకూ చెప్పనక్కర లేదు. ఆర్డీఎస్ కింద ఆయకట్టు కాగితం మీద 87,500 ఎకరాలు. కాలువ చివరన అలంపూర్ పొలాలు చూసినోళ్లకు కాగితం వేరు, నేల వేరని తెలుసు. అడవి లెక్కలోనూ అదే తిరకాసు.

2021 అటవీ నివేదిక ప్రకారం హైదరాబాద్‌లో అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు, 2021 నాటికి 81.81. మహానగరాల్లో మనదే అందరికంటే ఎక్కువ పెరుగుదల అని పండుగ చేసుకున్నారు. ఆ లెక్క ఎట్లా తీస్తారు? ఉపగ్రహ చిత్రంలో హెక్టారు జాగలో పది శాతానికి మించి చెట్ల నీడ కనిపిస్తే అది అడవి. తోటైనా, పార్కైనా, ఎవరి భూమైనా సరే. పది శాతం లోపుంటే పొద భూమి, అడవి కాదు. మన దక్కను నేల నిజరూపమే పొదలు, బండలు, గడ్డి, కుంటలు. 2014లో రాష్ట్ర చిహ్నాలుగా ఎంచుకున్నవి చూడండి: తంగేడు పువ్వు, జమ్మి చెట్టు, పాలపిట్ట, జింక. ఇవి బతికేది ఎక్కువగా ఇట్లాంటి పలుచని నేలల మీదనే. బతుకమ్మకు తంగేడు కావాలి, తంగేడు పూసే గుట్ట మాత్రం పనికిరాని భూమి!

లెక్క తీయడం మనకు చేతకాదా? 2012 సెప్టెంబర్ 30న మనం నెక్లెస్ రోడ్డు మీద సాగరహారం కట్టిన మరునాడే ఇదే నగరంలో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సులు మొదలైనయి. ఆ సందర్భంగానే జీహెచ్‌ఎంసీ నగర జీవవైవిధ్య సూచిక తయారు చేసింది. పక్షులు, మొక్కలు, సహజ ప్రాంతాలు ఎన్నని చూసే పద్ధతి అది. అదే పద్ధతిని ప్రతి కంచకూ, ప్రతి గుట్టకూ సర్వే నంబర్ల వారీగా పట్టిస్తే గచ్చిబౌలిలో బుల్డోజర్ కంటే ముందే కాగితం అడ్డం నిలిచేది.

చట్టమూ మన వైపే ఉంది. రికార్డులో ఏం రాసి ఉన్నా, అడవి లక్షణం ఉన్నదంతా అడవేనని 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అట్లాంటి భూములను గుర్తించడానికి నెలలోగా నిపుణుల కమిటీలు వేయాలని 2025 మార్చి 4న రాష్ట్రాలను ఆదేశించింది. అదే నెలాఖరున గచ్చిబౌలిలో యంత్రాలు దిగాయి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీ, మున్సిపాలిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ ఊరి రిజిస్టర్ ఎక్కడుంది? ఎవరైనా చూశారా?

మరి మన పిల్లలకు కొలువులు వద్దా అని కొందరు అడుగుతారు. కావాలి. పాలమూరు లేబర్ పేరుతో మట్టి మోసిన జిల్లా మనది, కొలువు విలువ మనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టవద్దో తేల్చడానికే పటం కావాలి. కంపెనీ ఇంకో జాగకు పోగలదు, కుంట పోలేదు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన జంట జలాశయాల రక్షణకు 84 గ్రామాల్లో ఆంక్షలు పెట్టిన 111 జీవోను 2022లో ఎత్తేశారు. నీటి దారి తెలియకుండా ఇల్లు కడితే ఏమవుతుందో ప్రతి వానకూ నగరం చూస్తూనే ఉంది.

ఇంకో మాట. పటం మీద పచ్చరంగు పూసి చుట్టూ కంచె వేస్తే గొర్లకాపరి బయట పడతాడు, పోడు రైతు దొంగ అవుతాడు. అడవి ఎంతుందో రాసిన కాగితంలోనే దాని మీద ఎవరు బతుకుతున్నారో కూడా రాయాలి. హక్కు లేని పటం మనకొద్దు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో జిల్లా కేంద్రాలైనయి. కర్నూలు రోడ్డు పొడవునా ప్లాట్ల రాళ్లు లేస్తున్నయి. గచ్చిబౌలి దూరమని అనుకోవద్దు. ఆ రోడ్డు ఇటిక్యాల పక్క నుంచే పోతుంది. అందుకే మేము అడిగేది మూడు మాటలు. ఏ సర్కారు భూమినైనా అమ్మే ముందు దాని నీరు, చెట్టు, జీవాలు, హక్కుదారుల లెక్క తీయాలి. ఆ లెక్కను తెలుగులో అచ్చు వేసి గ్రామసభ ముందు, వార్డు సభ ముందు పెట్టాలి. కాలేజీ పిల్లలను, గొర్లకాపరులను, మత్స్యకారులను ఆ సర్వేలో కూర్చోబెట్టాలి.

సర్కారు చేయకుంటే మనమే మొదలుపెడదాం. సెలవులకు ఊరికి వచ్చిన విద్యార్థి ఒక నోటుబుక్కు పట్టుకొని తాతతో కలిసి గుట్ట ఎక్కితే చాలు. కుంట పేరు, వాగు పేరు, చెట్టు పేరు రాసుకొస్తే చాలు. మన నీళ్ల లెక్క, మన కొలువుల లెక్క పరాయివాళ్లు రాస్తే ఏమైందో అరవై ఏండ్లు చూశాం. మన గుట్టల లెక్క మనమే రాద్దాం.