సముద్రం లేని ఊరి నుండి ఒక విన్నపం

మాది ఓర్వకల్లు. రాళ్లకు కొదువ లేదు, నీటికే కొదువ. అట్టి ఊరివాడు సముద్రపు నత్తలను గూర్చి వ్రాయబూనుట కొందరికి నవ్వు పుట్టించవచ్చును. అయినను కళాశాల కార్యవర్గం వారితోను, తోటి విద్యార్థులతోను ఒక మాట చెప్పదలచితిని. విజ్ఞానయాత్రకై విశాఖ తీరమునకు వెళ్లునప్పుడు ఫార్మలిన్ సీసాలను ఇక్కడే ఉంచి, కెమెరాను తీసికొని వెళ్లవలెను.

మన ప్రయోగశాల బీరువాలో, ఒక సీసాలో, పాలిపోయిన తోలుముక్క వంటిది ఉన్నది. అది గుల్ల లేని సముద్రపు నత్త, న్యూడిబ్రాంక్ అందురు. ప్రాణముండగా ఈ జాతి జీవుల ఒంటిపై కన్నులు చెదరు రంగులుండును. వీపుపై పూవువలె విచ్చుకొన్న మొప్పలు, తలపై వాసన పసిగట్టు రెండు కొమ్ములు. ద్రావణంలో పడిన పిదప ఆ వర్ణశోభ నిలువదు. పరీక్షలో దానిని గుర్తుపట్టి మార్కులు తెచ్చుకొన్నవారిలో నేనూ ఒకడిని. నిజమునకు నేను గుర్తుపట్టినది సీసాపై చీటీని.

ఈ లోపము వెనుకటివారికి తెలియనిది కాదు. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉండిన వాల్టర్ ఇలియట్ (అమరావతి శిల్పాలను 1845లో త్రవ్వించినవాడూ ఈయనే) వాల్తేరు ప్రాంతమున ఈ జీవులను సేకరించి, దేశీయ చిత్రకారులచేత రంగుల బొమ్మలు వ్రాయించెను. ఆ బొమ్మలను, స్పిరిటులో నిలువచేసిన దేహాలను ఆధారముగా గొని ఆల్డర్, హాంకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు 1864లో లండనులో ఒక వ్యాసము ప్రకటించిరి. అందొక ప్రజాతికి వారుంచిన పేరు కళింగ. నేటికిని ఆ జీవి పేరు ప్రక్కన ఆల్డర్, హాంకాక్‌ల పేర్లు వ్రాయుదురు. రంగును పట్టి ఇచ్చిన చిత్రకారుని పేరు అచ్చట లేదు.

ఆ చిత్రకారుని పనిని నేడు జేబులోని ఫోను చేయగలదు. అమావాస్య, పౌర్ణమి రోజులయందు ఆటు ఎక్కువగా ఉండి రాళ్లు బయటపడును. నెలవంక కొరకు ఆకాశమును చూచు మన కళాశాల వారికి ఈ లెక్క కొత్తగాదు. రాతి అంచులందలి స్పంజికలను, నాడావలె చుట్టుకొన్న గ్రుడ్ల వరుసలను వెదకవలెను. జీవి అచ్చటనే ఉండును. ఎత్తిన రాయిని తిరిగి యథాస్థానమున ఉంచవలెను. చేతితో తాకరాదు; కొన్ని జాతులు తాము తిన్న హైడ్రాయిడ్ల కుట్టుకణాలనే తమ ఆయుధాలుగా దాచుకొనును. ఫోటోతోపాటు తేదీ, వేళ, అది దేనిపై ఉన్నదో వ్రాసికొననిచో ఆ ఫోటో ఉత్త అలంకారమే.

నమూనా లేనిదే శాస్త్రము లేదని అధ్యాపకులు అనవచ్చును. కొత్త జాతికి పేరు పెట్టువారికి అది నిజమే. మనము పోవునది చూచుట నేర్చుకొనుటకు. సుమారు 700 కిలోమీటర్లు ప్రయాణించి, పోటు వేళకు చేరి, అలలను చూచి మరలివచ్చుట ధనవ్యయమే. కావున ఈ ఏటి యాత్ర తేదీని సెలవులను బట్టి కాక తిథిని బట్టి నిర్ణయింపవలసినదిగా కార్యవర్గము వారిని కోరుచున్నాను.