పోయిన సెల్‌ఫోను: కంపెనీల బాధ్యత

వస్తువు పోవుట లోకమునకు క్రొత్త గాదు. గడియారము పోయినచో గడియారమే పోవును. కాని నేడు సెల్‌ఫోను పోయినచో దానితోడ బ్యాంకి లెక్కలు, బంధుమిత్రుల నంబరులు, గతించిన పెద్దల ఛాయాచిత్రములు, పిల్లల పాఠములు నొక్కసారిగా పోవుచున్నవి. అట్టియెడ పోగొట్టుకొన్నవాని యజాగ్రత్తనే యందఱును నిందింతురు. నెలనెలయు సొమ్ము పుచ్చుకొను కంపెనీలకు బాధ్యత లేదా యని యడుగువారు తక్కువ.

ప్రతి ఫోనునకును ఐ.ఎమ్.ఇ.ఐ. యను 15 అంకెల గుర్తుసంఖ్య గలదు. దొంగ సిమ్మును తీసి పాఱవేసినను ఈ సంఖ్య పోదు. వేఱొక సిమ్మును వేసినంతనే యది ఆ సిమ్ము కంపెనీవారి యంత్రములకు దెలియును. ఈ సంఖ్య నాధారముగా జేసికొని కేంద్ర ప్రభుత్వము 2023 మే నెలలో 'సంచార్ సాథీ' యను నేర్పాటును దేశమంతటికిని గల్పించినది. పోలీసు ఫిర్యాదు నకలును, గుర్తింపు పత్రమును జతచేసి యందు దరఖాస్తు చేసినచో, ఆ ఫోను దేశమందలి యే కంపెనీ సిమ్ముతోను పనిచేయకుండ నిలిపివేయుదురు. ఎవరేని దానిని వాడజూచినచో జాడ పోలీసులకు జేరును. సంఖ్యను మార్చువారికి 2023వ సంవత్సరపు టెలికమ్యూనికేషన్ల చట్టము 3 సంవత్సరముల వఱకు కారాగారమును, 50 లక్షల రూపాయల వఱకు జుల్మానాను, లేదా రెంటిని విధించుచున్నది.

ఐనను, ఫోను పోయినవాడు మొదట బరుగెత్తునది కంపెనీ దుకాణమునకే. అచ్చట వాని గుర్తింపును బరిశీలించి క్రొత్త సిమ్ము నిత్తురు. ఫోను సంగతి మాది కాదందురు. చదువురాని కూలివాడు, కన్నులు మసకబాఱిన ముదుసలి ఆ దరఖాస్తు నెట్లు నింపగలరు? ఆలస్యమైనకొలది ఫోను ముక్కలై యమ్ముడుపోవును, లేదా దేశము దాటును; అటుపై మన నిషేధ మచ్చట జెల్లదు.

అబద్ధపు ఫిర్యాదుతో నొకరి ఫోనును మఱియొకరు నిలిపింపవచ్చునని యాక్షేపింపవచ్చును. నిజమే. అందులకే పోలీసు ఫిర్యాదు నియమము గలదు. కాని సిమ్ము కొఱకు మనిషిని గుర్తించిన యుద్యోగియే, యదే బల్లయొద్ద ఆ దరఖాస్తును నింపిపెట్టి, ఠాణాలో నేమి చేయవలయునో తెలుపుటకు కష్టమేమి? ఇది దయాధర్మము గాక కంపెనీల విధి కావలయును. ప్రభుత్వ మట్లు శాసింపవలయును.

విద్యార్థులారా! *#06# నొక్కి మీ యింటి ఫోనుల సంఖ్యలను నేడే పుస్తకమున వ్రాసికొనుడు. తలిదండ్రులారా! రసీదు లేని ఫోను చౌకగా వచ్చినను గొనకుడు. కొనువాడు లేనిచో దొంగకు బేరము లేదు.