మర్జీ కాదు, మజ్దూరీ చెప్పు బేటా



రమ్‌జాన్ ఇంకా మూడు వారాలుంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అప్పుడే మొదలైంది: "కిటికీలు కడిగే పిల్లగాడెవరన్నా ఉన్నాడా? ఎక్కువ అడగనోడు కావాలె." రెండేళ్ల కింద ఇదే మాట ఇదే గ్రూపులో నేనే రాశాను. అందుకే ఈసారి నవ్వి వదిలేయలేకపోయాను.

అప్పుడు వచ్చిన పిల్లవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. "ఎంత తీసుకుంటావ్ బేటా?" అని అడిగాను. "ఆప్‌కీ మర్జీ చాచా" అన్నాడు తల వంచుకుని. నాకు లోపల ఖుషీ అయింది. అబద్ధమెందుకు, అయింది. పదకొండు కిటికీలు. అద్దాలు లోపలా బయటా, దోమల జాలీలు, కింద ట్రాకుల్లో పేరుకున్న మట్టి. జొహర్ అజాన్ అయ్యాక బకెట్ కడిగి పక్కన పెట్టాడు. మూడొందలు చేతిలో పెట్టాను. నోట్ల వైపు ఒక్కసారి చూసి, "షుక్రియా చాచా" అని వెళ్లిపోయాడు. మరుసటి సంవత్సరం ఫోన్ చేస్తే ఎత్తలేదు.

చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలన్న హదీసు మనలో తెలియనివారు లేరు. నేనూ ఆరకముందే ఇచ్చాను. టైముకిచ్చాను గానీ, ఎంత ఇవ్వాలో మాత్రం హిసాబ్ చేయలేదు. ఆ సంగతి నాకు మా బాంజా కాపీ చూసేదాకా తట్టలేదు.

మా ఆపా కొడుకు గల్ఫ్‌లో మూడేళ్లు పెద్ద బిల్డింగుల అద్దాలు తుడిచే కంపెనీలో చేసి వచ్చాడు. ఇక్కడ బండి మీద బకెట్, రబ్బరు పట్టీ వైపర్లు, మరకలు గీకే బ్లేడు, మైక్రోఫైబర్ గుడ్డలు కట్టుకుని సొంతంగా మొదలుపెట్టాడు. ఆర్నెల్లకే ఆపా ఫోన్ చేసి ఏడ్చింది: "పని దొరుకుతుంది భాయ్, పైసలు మాత్రం మిగలడం లేదు. మళ్లీ వీసా వెతుకుతా అంటున్నాడు. మూడేళ్లు వాడి మొహం చూడలేదు నేను." వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. వాడూ అందరికీ "మీ మర్జీ" అనే చెప్తున్నాడు. ఎందుకురా అంటే, "రేటు చెప్తే పని పోతుందని డర్ మామూ. చెప్పకపోతే ఎవరో ఒకరు రహమ్‌తో ఎక్కువిస్తారని ఆశ" అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరం హిసాబ్ రాశాం. ఇంటి కిరాయి, రేషన్, పిల్ల ఫీజు కలిపి నెలకు 20,000. పెట్రోలు 2,500. గుడ్డలు, రబ్బరు పట్టీలు, లిక్విడ్, ఫోను 1,500. మొత్తం 24,000. ఇప్పుడు అసలు సవాల్: నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుంది? వాడు 26 అనుకుంటున్నాడు. కాపీ తీసి లెక్కపెడితే 16. వర్షం, పెళ్లి, జ్వరం, "ఈరోజు వద్దు రేపు రా" అన్న ఇళ్లు. అంటే పని ఉన్న రోజున 1,500 రావాలి. దారిలో పోయే టైము తీసేస్తే చేతికి పని ఆరు గంటలు. గంటకు 250. రెండు వైపులా అద్దం, జాలీ, ట్రాకు కలిపి మామూలు కిటికీకి ఇరవై నిమిషాలు, అంటే గంటకు మూడు. కిటికీకి 83 రూపాయలు. 85 అనుకున్నాం.

నా పదకొండు కిటికీలు గుర్తొచ్చి నా నోరు మూతపడింది.

అన్ని కిటికీలూ ఒకటి కావు. మన దగ్గర బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లు అద్దం మీద ఎండి ఎండి తెల్లటి పొర కడతాయి, అది ఒక్క తుడుపుకు పోదు. రంగులు వేసినవాళ్లు, సిమెంటు పనివాళ్లు వదిలిన చుక్కలైతే బ్లేడుతో జాగ్రత్తగా గీకాలి, లేకపోతే అద్దం మీద గీతలు పడతాయి. అలాంటి కిటికీకి ముప్పావుగంట. దానికి 180. బ్రిటన్‌లో ఇళ్ల కిటికీలు తుడిచేవాళ్లది పాత ధంధా. నాలుగు వారాలకో ఎనిమిది వారాలకో అవే ఇళ్లకు తిరిగి వెళ్తారు. మొదటిసారి మురికి ఎక్కువ కాబట్టి ఎక్కువ తీసుకుంటారు, తర్వాత తగ్గిస్తారు. చాలామంది నీళ్లను ఫిల్టరు చేసి లవణాలు తీసేసి వాడతారు, అద్దం ఎండినా మచ్చ మిగలదు. ఇది చూసి మా బాంజా కూడా మూడు నెలలకోసారి పిలిచే ఇళ్లకు కిటికీకి 70 పెట్టాడు. మురికి తక్కువ, టైము తక్కువ, ఇల్లు ఖాయం. డిస్కౌంట్ అంటే అలా హిసాబ్‌లోంచి రావాలి. గేటు దగ్గర నిలబెట్టి గుంజితే వచ్చేది డిస్కౌంట్ కాదు.

ఒక్క దానికి మాత్రం వాడు రేటే పెట్టలేదు. బాల్కనీ లేని పై అంతస్తుల్లో బయటి నుంచి అద్దం తుడవడం. "ఐదొందలు ఎక్కువిస్తాం, కొంచెం బయటికి వంగు" అనే ఇళ్లున్నాయి. జాన్‌కి రేటు ఉండదు. లోపలి నుంచి చెయ్యి అందినంతవరకే అని ముందే చెప్తాడు. మన ఇంటి శుభ్రం కోసం ఇంకో తల్లి కొడుకుని సజ్జ మీద నిలబెట్టే హఖ్ మనకెవరిచ్చారు?

పనిచేసే పిల్లలకూ ఒక మాట. మా బాంజా మొదట్లో గేటు దగ్గర కారు చూసి రేటు పెంచేవాడు. అది కూడా తప్పే అని వాడితోనే అన్నాను. గాడీ పెద్దదైతే అద్దం పెద్దదవుతుందా? తూకంలో తక్కువ ఇచ్చేవాళ్ల గురించి ముతఫ్ఫిఫీన్ సూరా ఉంది. అది దుకాణంలో తరాజుకే అనుకుంటాం. కిటికీకి ఇరవై నిమిషాల పని అని రేటు కట్టి పది నిమిషాల్లో ట్రాకు వదిలేసి లేవడం, నాలుగున్నర గంటల పనికి మూడొందలు పెట్టి షుక్రియా అనిపించుకోవడం, రెండూ అదే తరాజు.

మూసా అలైహిస్సలామ్ మద్యన్ చేరినప్పుడు ఆయన దగ్గర ఏముంది? ఇల్లు లేదు, తెలిసినవారు లేరు. ఆ పెద్దాయన "నీ మర్జీ" అనలేదు, "తర్వాత చూద్దాం" అనలేదు. ఎనిమిదేళ్లు పని, పది చేస్తే అది నీ ఇష్టం, బదులు ఇది అని ముందే తేల్చాడు. తఖ్లీఫ్ పెట్టనని మాట కూడా ఇచ్చాడు. ఇజారాలో మజ్దూరీ ముందే తెలిసి ఉండాలని ఉలమా షరతు పెట్టింది ఇందుకే. తేల్చకుండా వదిలేస్తే బలం ఉన్నవాడి చేతిలోకి వెళ్లిపోతుంది. పిల్లవాడు "మర్జీ" అన్నప్పుడు అది అదబ్ అనుకున్నాను నేను. అది డర్.

"మరి మా దగ్గర అంత గుంజాయిష్ లేదు భాయ్" అనేవాళ్లుంటారు. సహీ. చాలా ఇళ్లలో రమ్‌జాన్ నెల ఖర్చులే బరువు. అలాంటప్పుడు మజ్దూరీ తగ్గించకండి, పని తగ్గించండి. హాలు కిటికీలు రెండూ అతనితో చేయించి మిగతావి ఇంట్లోవాళ్లు చేసుకోవచ్చు. గుంజాయిష్ లేదనే మేమే ఫోన్ యాప్‌లో కంపెనీవాళ్లను పిలిచి రెండున్నర వేలు బేరం లేకుండా కట్టిన రోజులున్నాయి. స్క్రీన్ మీద అంకె కనిపిస్తే ఖామోష్‌గా కడతాం. అదే అంకె పేద పిల్లవాడి నోట్లోంచి వస్తే "అరే, అంతా?" అంటాం.

ఇంకొకటి. "మజ్దూరీ తక్కువైతే ఏమైంది, ఈద్‌కి బట్టలిస్తాంగా" అని మా ఇంట్లోనే అన్నారు. సదఖా మన ఖుషీతో ఇచ్చేది. మజ్దూరీ అతని హఖ్. హఖ్‌లో కోసి సదఖాగా తిరిగిస్తే, అతని పైసలే అతనికిచ్చి దువా మనం తీసుకున్నట్టు.

మా బాంజా రేట్లు ఒక కాగితం మీద రాయించి, ఫోటో తీసి అడిగినవాళ్లకు పంపుతున్నాడు. మొదటి నెల ఐదు ఇళ్లు పోయాయి. ఆపా మళ్లీ ఫోన్ చేసింది. రెండో నెల కొత్తవి మూడు వచ్చాయి, పాతవాటిలో రెండు తిరిగొచ్చాయి. ఇప్పటికీ ధనవంతుడేం కాలేదు. వీసా మాట మాత్రం ఎత్తడం లేదు.

పోయిన జుమా రోజు ఆ పాత పిల్లవాడు మసీదు మెట్ల దగ్గర కనిపించాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడట. పక్కకు పిలిచి విషయం చెప్పాను. పదకొండు కిటికీలు, ఎనభై అయిదు లెక్కన 935. ఇచ్చింది మూడొందలు. బాకీ 635 అని ఇవ్వబోయాను. తీసుకోడేమో, వద్దంటాడేమో అనుకున్నాను. వాడు ఒక్క క్షణం ఆలోచించి అన్నాడు: "బెడ్‌రూములో రెండింటికి సిమెంటు మరకలుండె చాచా. బ్లేడుతో గీకిన."

రెండేళ్లయినా గుర్తుంది వాడికి. ఇంకో 190 కలిపి 825 ఇచ్చాను. ఈసారి నోట్లు లెక్కపెట్టుకుని, జేబులో పెట్టుకుని, సలాం చెప్పి వెళ్లాడు.