చూసింది వేరు, అనుకున్నది వేరు



మహిమల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రచయిత, అంతమంది కళ్లారా చూశాక ఇంకా రుజువులెందుకని అడిగారు. ఉదాహరణకు, 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న కబురు ఢిల్లీలో పుట్టి, ఒక్కరోజులో దేశమంతా, లండన్‌లోని సౌతాల్ గుడి దాకా పాకింది. గిన్నెలూ చెంబులూ పట్టుకుని బారులు తీరినవాళ్లు అబద్ధమాడారని నేననను. తొండానికి ఆనించగానే చెంచాలో పాలు తగ్గడం వాళ్లు నిజంగానే చూశారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టారు. తలతన్యత వల్ల చెంచా అంచు దాటిన పాలు సన్నటి పొరలా విగ్రహం మీదుగా కిందికి జారిపోవడం ఆ రంగులో కనబడింది. పాలు తగ్గాయన్నంత వరకే జనం సాక్ష్యం. ఎక్కడికి పోయాయో వాళ్లు చూడలేదు, అనుకున్నారు. పైగా అక్కడేం కనబడుతుందో అందరూ ముందే విని వెళ్లారు. 1872 నాటి సాక్ష్య చట్టమైనా, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టమైనా ఇంతమంది సాక్షులుండాలని లెక్క పెట్టలేదు, చూసిన సంగతిని చూసినవాడే చెప్పాలంది. గట్టు తగాదాకే ఇంత పట్టింపు ఉంటే, ప్రకృతి నియమమే తప్పిందన్న మాటకు అంతకన్నా తక్కువ సరిపోతుందా?

ఆనాడు పోయింది పాలే. నా బాధంతా స్వస్థత సాక్ష్యాల గురించి. ప్రార్థనతోనో విభూతితోనో తాయెత్తుతోనో నయమైనవాళ్ల చేతికే మైకు వస్తుంది. నయం కానివాళ్లు ఇంట్లో మంచం మీద ఉంటారు, కొందరు అసలే ఉండరు. మా బంధువుల్లో ఒకావిడ అలాంటి మాటలు నమ్మి ఇన్సులిన్ మానేసింది. కాలి పుండు ముదిరాక గానీ ఆసుపత్రికి రాలేదు.

పరీక్షిస్తే భక్తికి అవమానమని కొందరంటారు. నేనూ దీపం పెట్టుకునేదాన్నే, నాకలా అనిపించదు. ఫ్రాన్స్‌లోని లూర్దు మాత క్షేత్రాన్ని నడిపేది భక్తులే, అయినా అక్కడ 1883 నుంచి వైద్యుల కార్యాలయం ఉంది. నయమైందని వచ్చినవాళ్లను పాత రిపోర్టులు అడుగుతారు, వాడిన మందులు అడుగుతారు, జబ్బు తిరగబెడుతుందేమోనని ఏళ్ల తరబడి చూస్తారు. అక్కడ నమోదైన 7,000కు పైగా కేసుల్లో చర్చి మహిమలుగా ఒప్పుకున్నవి 70 చిల్లర. వాటిలోనూ వైద్యులు, ఇది మా వైద్యానికి అంతుపట్టలేదనే చెబుతారు. దేవుడు చేశాడని సంతకం పెట్టరు.

ఇకమీదట స్వస్థత అనుభవాలు వేసేటప్పుడు జబ్బని తేల్చిన డాక్టరెవరు, అప్పుడు ఏ మందులు వాడుతున్నారు, ఏడాది తర్వాత ఎలా ఉన్నారు అని అడగండి. ఆ జవాబులు కూడా పక్కనే అచ్చువేయండి.

— ఒక పాఠకురాలు, తెనాలి