పాత గిటారు బగ్గులకి ప్రీమియం రేటా?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి కొత్త విషయం కాదిది. ఎప్పటిదో పాత కోడ్‌లో ఒక బగ్ ఉంటుంది. ఎవరూ దాని జోలికి పోరు. కొన్నాళ్ళకి దాని మీద ఆధారపడి ఇంకో నాలుగు ప్రోగ్రాములు పుడతాయి. ఆ తర్వాత కొత్తగా చేరిన కుర్రాడెవడో దాన్ని సరిచేస్తే "ఒరే, అది ఫీచర్ రా, ముట్టుకోకు" అని అందరూ మీద పడతారు. ఇంతవరకూ బాగానే ఉంది, మన జీతాలొచ్చేది అందుకే కదా :-) కానీ అదే బగ్‌ని అచ్చు గుద్దినట్టు కొత్త ప్రోడక్ట్‌లో పెట్టి, "1959 నాటి అసలుసిసలు బగ్" అని చాటింపు వేసి, మూడింతల రేటుకి అమ్మితే? దాన్ని కొనడానికి జనం క్యూ కడితే?

ఎలక్ట్రిక్ గిటార్ల లోకంలో జరుగుతున్నది ఇదే. ఈ జబ్బు మన ఐటీవాళ్ళకి మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువగా అంటుకుంది. ఎందుకంటే మన దగ్గర బోనసులున్నాయి, చిన్నప్పుడు తీరని కోరికలున్నాయి, రాత్రి రెండింటిదాకా స్పెసిఫికేషన్లు చదివే అలవాటూ ఉంది.

గిటారు పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత రాగి తీగ వేలసార్లు చుట్టిన కాయిల్. పైన ఉక్కు తీగ ఊగితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది, మనకి వినపడేది అదే. బ్రిడ్జి అంటే తీగలు ఒక కొసన ఆనుకునే లోహపు ముక్క. దాని మీద ఒక్కో తీగ కింద ఉండే చిన్న మెట్టుని శాడిల్ అంటారు. శాడిల్‌ని ముందుకీ వెనక్కీ జరిపితేనే పై ఫ్రెట్ల దగ్గర శ్రుతి సరిగ్గా కుదురుతుంది. పాత గిటార్ల "మహత్తు" అంతా ఈ రెండిట్లోనే ఉందని భక్తులు చెబుతారు.

ఆ మహత్తు ఎలా పుట్టిందో చూద్దాం. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు, ట్యూబ్ లైట్లూ ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే రొదని రెండు కాయిల్స్ ఎదురెదురు చుట్టి రద్దు చేసే పికప్ తయారు చేశాడు. అదే హంబకర్. 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు, 1959లో వచ్చింది. 1957 నుంచి సుమారు 1962 దాకా ఆ పికప్‌ల అడుగున "పేటెంటుకి దరఖాస్తు చేశాం" అనే స్టిక్కరు ఉండేది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో దాన్నే పీఏఎఫ్ అంటారు. ఇవాళ ఆ స్టిక్కరున్న పికప్ ఒక్కటి ఒరిజినల్‌గా దొరికితే మంచి గిటారు కొనేంత డబ్బు పోస్తారు.

సరే, ఆ పీఏఎఫ్‌లో ఏముంది? కాయిల్‌కి 5000 చుట్లు ఉండాలని లెక్క. కానీ మొదట్లో వాడిన యంత్రాలకి చుట్లు పూర్తవగానే వాటంతటవే ఆగే ఏర్పాటు లేదు. ఆపరేటరు చూసి ఆపాలి. దాంతో ఒక కాయిల్‌కి కాస్త ఎక్కువ, ఒక కాయిల్‌కి కాస్త తక్కువ. అయస్కాంతం కూడా అంతే, అల్నికో 2, 3, 4, 5 రకాల్లో ఏది చేతికందితే అది. నల్ల ప్లాస్టిక్ కొరత వచ్చినప్పుడు బాబిన్లు మీగడ రంగులో చేశారు. మైనంలో ముంచకపోవడంతో వాల్యూమ్ పెంచితే కీచుమనేవి. మన భాషలో చెప్పాలంటే క్వాలిటీ కంట్రోల్ అంతంతమాత్రం.

ఇప్పుడు చూడండి తమాషా. కాయిల్స్ సమానంగా చుట్టడం చేతనైన ఈ కాలంలో, పని గట్టుకుని అసమానంగా చుట్టిన పికప్‌లు గిబ్సనే అమ్ముతోంది. మైనం లేకుండా వదిలేసి అదీ ఒక గుణమంటున్నారు. మీగడ రంగు బాబిన్లుంటే రేటు ఎక్కువట. రంగుకీ శబ్దానికీ ఏమిటండీ సంబంధం? అయస్కాంతానికి రంగు కనిపిస్తుందా?

ఇక్కడో పిట్టకథ. 1962 ప్రాంతంలో ఆ స్టిక్కరు మార్చి పేటెంటు నంబరు వేశారు. ఆ నంబరు 2,737,842. సెత్ లవర్ పేటెంటు నంబరేమో 2,896,491. మరి ఆ మొదటి నంబరు ఎవరిది? లెస్ పాల్ గారి బ్రిడ్జిది! పికప్ అడుగున బ్రిడ్జి పేటెంటు అంటించి ఏళ్ళ తరబడి అమ్మారు. పోటీ కంపెనీలని తప్పుదారి పట్టించడానికని కొందరు, ఉత్త కాపీ పేస్ట్ పొరపాటని కొందరు అంటారు. ఏదైనా సరే, ఇప్పుడు ఆ తప్పు నంబరు స్టిక్కరుకీ గిరాకీ ఉంది.

ఆ లెస్ పాల్ గారి బ్రిడ్జి సంగతీ చెప్పుకోవాలి. 1952లో వచ్చిన మొదటి లెస్ పాల్ గిటారు మీద తీగలు కడ్డీ పైనుంచి పోవాలని ఆయన డిజైన్. ఫ్యాక్టరీలో మెడ కోణం అందుకు సరిపోక కడ్డీ కిందనుంచి పోనిచ్చారు. దాంతో అరచేయి ఆనించి తీగని అణిచి వాయించడం కుదరదు. కొన్నాళ్ళకే ఆ బ్రిడ్జి తీసేశారు. 1954లో టెడ్ మెకార్టీ హయాంలో ట్యూన్-ఓ-మాటిక్ వచ్చింది. ఆరు తీగలకి ఆరు శాడిళ్ళు, ఒక్కోదాన్నీ విడిగా జరుపుకోవచ్చు. నిజంగా గొప్ప డిజైన్. కానీ అందులోనూ ఒక లోపం: తీగ తెగితే శాడిల్ ఊడి కింద పడుతుంది. కచేరీ మధ్యలో స్టేజీ మీద వంగి వెతుక్కోవాలన్నమాట. 1962 ప్రాంతంలో అడ్డంగా సన్న తీగ ఒకటి బిగించి ఆ లోపం సరిచేశారు. పాచ్ రిలీజ్ అనుకోండి. మరి ఇప్పటి 1959 రీఇష్యూ మీద ఏముంటుంది? ఆ సన్న తీగ లేని బ్రిడ్జే! సుమారు ఏడు వేల డాలర్లు పోసి, అరవై ఏళ్ళ క్రితం సరిచేసిన బగ్‌ని మళ్ళీ ఇంటికి తెచ్చుకోవడం.

ఫెండర్‌ది ఇంకో రకం కథ. 1954 స్ట్రాటోకాస్టర్ తర్వాత స్థిరపడిన పికప్‌ల్లో ఆరు అయస్కాంతాలు వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. అప్పట్లో మూడో తీగ మీద ఇంకో సన్న తీగ చుట్టి ఉండేది. పికప్‌కి ప్రధానంగా లెక్కకొచ్చేది లోపలి ఉక్కు కాబట్టి ఆ తీగ చిన్నగా పలికేది. అందుకని దాని కిందున్న అయస్కాంతాన్ని ఎత్తు చేశారు. చక్కటి ఇంజనీరింగ్. తర్వాత గిటారిస్టులు తీగని వంచి పలికించడానికి వీలుగా మూడోది కూడా చుట్టు లేని తీగే వాడటం మొదలెట్టారు. ఇప్పుడు దాదాపు అందరూ వాడేది అదే. అంటే ఏమైంది? ఆ ఎత్తు అయస్కాంతం మీద ఆ తీగ మిగతావాటిని మింగేసేంత గట్టిగా మోగుతుంది. ఇన్‌పుట్ మారింది, కోడ్ మారలేదు. ఫెండర్ 1970లలో అయస్కాంతాల్ని ఒకే ఎత్తుకి తెచ్చింది, రీఇష్యూల్లో మళ్ళీ పాత ఎత్తులే పెడుతోంది. కొన్నాయన ఆరు నెలలు ఆంప్లిఫయర్‌ని తిడతాడు.

మధ్య పికప్ కూడా అంతే. పాతవాటిలో మూడు పికప్‌లూ ఒకే దిశలో చుట్టినవి కాబట్టి రెండు కలిపి వాయించినా రొద పోదు. మధ్యదాన్ని తిరగేసి చుట్టి, అయస్కాంతాన్నీ తిరగేస్తే పోతుంది. మన అపార్ట్‌మెంట్లలో ఎర్తింగ్ ఎంత సక్కగా ఉంటుందో మీకు తెలుసు. అక్కడికి "చారిత్రకంగా కరెక్ట్" పికప్ తెచ్చుకుంటే కందిరీగల తుట్టె పక్కన కూర్చుని వాయించినట్టే.

పాతదంతా చెత్త అని నేననడం లేదు. టెలికాస్టర్ బ్రిడ్జి పికప్ తీసుకోండి. కింద రాగి పూసిన ఉక్కు పలక, చుట్టూ ఉక్కు బ్రిడ్జి ప్లేటు. ఈ రెండూ అయస్కాంత క్షేత్రాన్ని, కాయిల్ ఇండక్టెన్స్‌ని మారుస్తాయి, ఆ శబ్దానికి ఇవీ కారణం. ఇది కొలిచి చూపించగల సంగతి. తీసేసి ఇత్తడి ప్లేటు వేస్తే తేడా వస్తుంది. కానీ అదే బ్రిడ్జి మీద ఆరు తీగలకి మూడే ఇత్తడి శాడిళ్ళుంటాయి. రెండేసి తీగలకి ఒకటి, ఒకదాని శ్రుతి కుదిరిస్తే పక్కది తప్పుతుంది. పలక ఉంచుకుని శాడిళ్ళు మార్చుకోవచ్చు. రెండిట్నీ ఒకే గంపలో వేసి "1952 మ్యాజిక్" అనడంతోనే నాకు పేచీ.

లియో ఫెండర్ గారు స్వయంగా ఏం చేశారో తెలుసా? 1965లో కంపెనీని సీబీఎస్‌కి అమ్మేశాక ఊరుకోలేదు. 1980లో మొదలైన జీ అండ్ ఎల్‌లో కొత్త పికప్‌లు, కొత్త బ్రిడ్జిలు డిజైన్ చేస్తూ 1991లో పోయేదాకా పనిచేస్తూనే ఉన్నారు. 1950 నాటి తన డిజైన్ దగ్గర ఆయన ఆగలేదు. ఆగింది భక్తులు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది వ్యవహారం.

ఇహ కొలతల భక్తి. "నా పికప్ 8.3 కిలో ఓమ్స్, నీది 7.8, అందుకే నీది పలచగా పలుకుతోంది" అని గంటల తరబడి వాదించేవాళ్ళని చూశాను. అయ్యా, రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర 8.0 చూపించిన పికప్, మే నెల మధ్యాహ్నం విజయవాడ మేడ మీద 40 డిగ్రీల్లో 8.6 చూపిస్తుంది. వేసవిలో మీ పికప్ ఉన్నట్టుండి పాతకాలపు మహత్తు సంపాదించిందా?

అసలు తేడా తెచ్చేదేంటో లెక్క కడదాం, ఇంజనీరింగ్ ఫస్టియర్ పాఠమే. పికప్ ఇండక్టెన్సూ, దానికి తగిలించిన కెపాసిటెన్సూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరం కడతాయి. శబ్దం మెరుపంతా అక్కడే. స్ట్రాటోకాస్టర్ పికప్ 2.4 హెన్రీలనుకుందాం. దాని సొంత కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లు, కేబుల్‌కి మీటరుకి ఇంకో 100. అయిదు మీటర్ల కేబుల్‌తో శిఖరం సుమారు 4200 హెర్ట్జ్ దగ్గర. పది మీటర్లదైతే సుమారు 3100 దగ్గర! చెవుడున్నవాడికి తప్ప అందరికీ తెలిసే తేడా ఇది. చేత్తో అడ్డదిడ్డంగా చుడితే కెపాసిటెన్స్ తగ్గుతుందని దానికి విడిగా డబ్బు గుంజుతారే, ఆ తగ్గేది ఎంతైనా పికప్ సొంత 100 లోంచే కదా తగ్గాలి. పొడుగు కేబుల్ ఒక్కటి మారిస్తే దానికి అయిదింతలు కలుస్తోంది. పికప్ ఎత్తు మార్చడానికైతే స్క్రూడ్రైవర్ చాలు, ఖర్చు సున్నా.

నాష్‌విల్‌లో జిమ్ లిల్ అనే గిటారిస్టు 2021లో అసలు గిటారే లేకుండా, వర్క్‌బెంచ్‌కీ అల్మారాకీ మధ్య తీగలు కట్టి, పికప్‌ని సరైన దూరంలో పెట్టి వాయించి రికార్డు చేశాడు. మంచి టెలికాస్టర్‌తో పక్కపక్కన పెట్టి విని చెప్పండి. కళ్ళు మూసుకుని వినాలి, అదొక్కటే షరతు.

డబ్బున్నవాడు కొనుక్కుంటాడు, నీకేంటి బాధ అనొచ్చు. బాధ ఉంది. మా పాత ఆఫీసులో ఒక కుర్రాడు రెండేళ్ళ బోనసు పెట్టి అమెరికా నుంచి రీఇష్యూ ఒకటి తెప్పించుకున్నాడు. తీగ తెగినప్పుడల్లా శాడిల్ పోతోంది. మంచి బ్రిడ్జి వేసుకోరా అంటే "వద్దన్నా, రీసేల్ వాల్యూ పడిపోతుంది, స్క్రూలు కూడా ఒరిజినలే ఉండాలట" అన్నాడు. సొంత వాయిద్యానికి స్క్రూ బిగించుకోవడానికి భయపడుతున్నాడు! అది వాయిద్యమా, ఫిక్స్‌డ్ డిపాజిట్టా? ఇంకోపక్క పదిహేను వేల గిటారుతో నేర్చుకుంటున్న పిల్లలు వాళ్ళ వేళ్ళ తప్పుని కూడా పికప్ మీదకి నెట్టేసి, సాధన మానేసి ధరల పట్టికలు చూస్తున్నారు. ఆ పాత లెస్ పాల్‌లు 1958-60 మధ్య సుమారు 1500 చేశారు, అమ్ముడుపోక ఆపేశారు. 1966లో ఎరిక్ క్లాప్టన్ లాంటివాళ్ళు వాయించాకే వాటికి పేరొచ్చింది. మహత్తు స్టిక్కరులో ఉంటే 1960లోనే అమ్ముడుపోవాలిగా?

మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారినే చూడండి. మాండలిన్‌కి నాలుగు జతల తీగలుండాలని సంప్రదాయం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. కర్ణాటక సంగీతంలో గమకానికి కావలసింది అది. ఒరిజినల్ స్క్రూలు పోతాయని ఆయన ఆగి ఉంటే మనకి ఆ సంగీతం ఉండేదే కాదు.

కంపెనీలని నేనడిగేది పెద్దదేం కాదు. పికప్ డబ్బా మీద ఇండక్టెన్స్ ఎంతో, అయస్కాంతం రకమేంటో, వాల్యూమ్ కంట్రోల్ ఎన్ని కిలో ఓమ్స్‌ది పెట్టారో రాయండి. తీగ లేని బ్రిడ్జి పెడితే శాడిల్ ఊడుతుందని కూడా రాయండి. పీటర్ గ్రీన్ వాయించిన 1959 లెస్ పాల్‌లో ఒక పికప్ అయస్కాంతం తిరగబడి ఉంది. దాంతో రెండు పికప్‌లూ కలిపినప్పుడు ముక్కుతో పాడినట్టు ఒక వింత శబ్దం వస్తుంది. 2023లో గిబ్సన్ దాని నమూనా అమ్మకానికి పెట్టినప్పుడు ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పే అమ్మింది. దాంతో నాకు పేచీ లేదు. ఏ బగ్ కొంటున్నానో తెలిసి కొంటున్నా కదా.

ఆ కుర్రాడికి చివరికి చెప్పిందేంటంటే: పాత బ్రిడ్జిని స్క్రూలతో సహా కవర్లో పెట్టి కేసులో దాచుకో, కొత్తది బిగించుకో, అమ్మేరోజు మళ్ళీ మార్చు. అరగంట పని. వాల్యూమ్ కంట్రోళ్ళ గురించి, వాటిలో 20 శాతం దాకా వచ్చే హెచ్చుతగ్గుల గురించి ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. అది మరోసారి.