తలనొప్పి ఖర్చు ఎవరి ఖాతాలో?

వరికి సుడిదోమ పడిందంటే తెనాలి నుంచి రేపల్లె దాకా చేలల్లో పంపులు మోగుతాయి. పొద్దున్నే వీపున పంపు తగిలించుకున్న మనిషి మధ్యాహ్నానికి కణతలు పట్టుకుని గట్టున కూర్చుంటాడు. ఏమైందంటే "ఏం లేదు, తలపోటు" అంటాడు. కొట్లో మాత్ర కొని మింగి మళ్లీ చేలోకి దిగుతాడు, లేదంటే సగం రోజు కూలి వదులుకుని ఇంటికి పోతాడు. ఆ సగం రోజును ఎవరూ లెక్క రాయరు.

విత్తనం, యూరియా, డీజిలు, కౌలు అన్నీ రాస్తాం. సి2 ఖర్చుకు 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వమని పోరాడే మనం కూడా ఈ ఖర్చు రాసుకోం. పని దొరికే ఎనిమిది నెలల్లో నెలకు రెండు రోజులు పోతే 16 రోజులు. కూలి 500 అనుకుంటే ఒక్క మనిషికి 8 వేలు. మాత్రలు, ఆటో ఖర్చు, ఆర్ఎంపీ ఫీజు అదనం.

ఇది చిన్న జబ్బు కాదు. పొరుగున కర్ణాటకలో పట్నాల్లోనూ పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే 2015లో వెలువడింది. ఏడాదిలో నూటికి 64 మందికి తలనొప్పి వచ్చిందనీ, 25 మందిది పార్శ్వపు నొప్పి అనీ అది తేల్చింది. పార్శ్వపు నొప్పి ఆడవాళ్లలోనే ఎక్కువ. తెల్లారకముందే వంట చేసి, సరిగా తినకుండా, ఎండలో వంగి నాట్లు వేసే మన అక్కచెల్లెళ్లకు ఆకలి, దాహం, నిద్రలేమి దాన్ని ఇంకా రెచ్చగొడతాయి.

మందు కొట్టాక వచ్చే తలనొప్పి సంగతి వేరు. అది విషం ఒంట్లోకి దిగిందనడానికి మొదటి గుర్తు కావచ్చు. దానితో వాంతులు, చెమటలు, చూపు మసక ఉంటే మాత్రతో సరిపెట్టకండి. బట్టలు మార్పించి, ఒళ్లు సబ్బుతో కడిగించి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెలలో సగం రోజులు నొప్పి మాత్రలు వేసుకునేవారికి ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. వారు తప్పకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

మందు కొట్టేవారికి రక్షణ దుస్తులు ఇవ్వాలనీ, వైద్య పరీక్షలు చేయించాలనీ 1971 పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. అయినా మన చేలల్లో మూతికి తువ్వాలే రక్షణ.

అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. రైతు సేవా కేంద్రాల్లో మాస్కులు, చేతి తొడుగులు సబ్సిడీపై ఇవ్వాలి. మందు కొట్టే సీజనులో 104 వాహనాల్లో కూలీలకు పరీక్షలు చేయాలి. పార్శ్వపు నొప్పికి మందులు పీహెచ్‌సీల్లో ఉండాలి.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన గట్టు మీద మనం చేయాల్సిందీ ఉంది. కూలీలను పిలిచేది మనమే. గట్టున మంచినీళ్లు, నీడ ఏర్పాటు చేద్దాం. ఎండ ముదరకముందే, గాలికి ఎదురు కాకుండా మందు కొట్టిద్దాం. తల తిరుగుతోందన్న మనిషిని వెంటనే చేలోంచి బయటికి పిలిచి, ఆ రోజు కూలి పూర్తిగా ఇద్దాం. ఈ నెల నుంచి ప్రతి గ్రామ కమిటీ తలనొప్పితో పోయిన పనిదినాలను ఒక పుస్తకంలో రాయాలి. లెక్క చేతిలో ఉంటేనే అధికారుల ముందు మన మాట నిలుస్తుంది.