ఒక్కపూట ఓరుగల్లు

హైదరాబాదునుండి ఉదయము ఆఱు గంటలకు బయలుదేరిన బస్సు తొమ్మిదిన్నర ప్రాంతమున హనుమకొండ చేరును. వేయిస్తంభముల గుడిలో ముప్పావుగంట, భద్రకాళీ దర్శనమునకు అరగంట, కోటలో కీర్తితోరణముల నడుమ ఫోటోలకు మఱియొక అరగంట, భోజనము, పిమ్మట రామప్పగుడి, ప్రొద్దు వాలు వేళకు లక్నవరముమీది ఉయ్యాలవంతెన. రాత్రి పదునొకండు గంటలకు ఎవరి యిండ్లకు వారు. ఆదివారమునాడు ఈ దారిని సాగిపోవు బస్సులను, కార్లను మనమందఱమును చూచుచునే యున్నాము. ఇంటికి పోయి కాకతీయుల రాజధానిని చూచి వచ్చితిమని వారు చెప్పుకొందురు. వారిని మేము తప్పుపట్టము. సెలవుదినమున నిద్ర మానుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, పూర్వుల కట్టడములను చూడవచ్చుట మెచ్చదగిన పనియే. చూపినది వారు చూచిరి. చూపవలసినది చూపకపోవుట ఎవరి లోపమన్నదే మా ప్రశ్న.

వారు చూచినవి సామాన్యములని మేమనుట లేదు. రుద్రదేవుడు 1163లో నిలిపిన వేయిస్తంభముల గుడియు, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ప్రతిష్ఠించిన రామప్పగుడియు చూడనివాడు తెలుగుదేశమును చూడనివాడే. నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖాధికారి యజ్దానీగారు పాలంపేట గుళ్లనుగూర్చి 1922లోనే గ్రంథము ప్రకటించిరి. 2021 జూలై 25వ తేదీన యునెస్కోవారు రామప్పగుడిని ప్రపంచ వారసత్వ సంపదగా నంగీకరించుటకు తొంబది తొమ్మిదేండ్లు పట్టినది. కొలువుదీర్చి విప్పిన వేయిస్తంభముల గుడి కల్యాణమండపము మఱల నిలిచి జనులకు తెఱవబడునప్పటికి 2024 వచ్చినది. ఇంత యాలస్యముగా లోకమునకు తెలిసివచ్చిన సంపదను ఒక్కపూటలో చూపి ముగించుట యేమి తొందర?

కాని మా ఫిర్యాదు కాలమునుగూర్చి మాత్రమే కాదు. రాజధాని యనగా నాలుగు తోరణములు, మూడు గుళ్లు కావు. అందలి కొట్లకు ధాన్యము పంపిన పల్లెలు, ఆ పల్లెలకు నీరిచ్చిన చెఱువులు, ఆ వంశమును మొదట నిలువబెట్టిన సామంతుల గడ్డ, ఇవన్నియు రాజధానిలోనివే. ఓరుగల్లు తల యైనచో, మానుకోట, జనగామ, భూపాలపల్లి సీమలు దాని మొండెము. మన యాత్రలు తలను మాత్రము చూపి మొండెమును దాచుచున్నవి. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడు సీమలును వేర్వేఱు జిల్లాలైన పిమ్మట ఈ మఱపు మఱింత సులువైనది. ఓరుగల్లు చరిత్ర వరంగల్లు జిల్లావారి సొత్తనియు, మనకు పనిలేదనియు తలంచువారు మనలోనే బయలుదేరినారు.

కాకతీయుల కథ ఎక్కడ మొదలైనదో యొకసారి జ్ఞాపకము చేసికొందము. మహబూబాబాదునకు పదిపండ్రెండు కిలోమీటర్ల దూరమున కురవి యున్నది. వీరభద్రస్వామి జాతర కేటేట లక్షలాది జనము పోయివచ్చుదురు. వారిలో మన పాఠకులును కలరు. ఆ కురవియే శాసనములలోని కొరవి. అచ్చటి శాసనము తెలుగు గద్యము కనబడు ప్రాచీనశాసనములలో నొకటి. అప్పటికి వేములవాడ, ముదిగొండ చాళుక్యుల నడుమ నలుగుచుండిన ఈ కొరవి సీమయందే కాకతీయులు తొలుత వేళ్లూనిరని చరిత్రకారులు చెప్పుదురు. జనగామ ప్రాంతపు గూడూరు శాసనము (మానుకోట దగ్గఱి గూడూరు వేఱు) ఆ కథను తెలుగు వృత్తపద్యములలో చెప్పినది. విరియాల ఎఱ్ఱన శత్రువును గూల్చి కాకతి బేతని కొరవిలో నిలిపెననియు, విరియాల కామసాని చక్రవర్తిని దర్శించి ఆ వంశమునకు అనుమకొండను సంపాదించిపెట్టెననియు అందలి విషయము. ఒక స్త్రీ బుద్ధిబలము లేనిచో రుద్రమదేవి కూర్చున్న సింహాసనమే లేదు. రుద్రమ విగ్రహమునెదుట నిలిచి ఫోటో దిగిన బాలికలలో కామసాని పేరు విన్నవారెందఱు? ఆ పేరు చెప్పు మార్గదర్శకులెందఱు?

మానుకోటనుండి మఱియొక దిక్కునకు పోయినచో బయ్యారము. బయ్యారమనగానే నేటివారికి ఇనుపరాయియు, 2014 విభజన చట్టమునాటినుండి నలుగుచున్న ఉక్కు కర్మాగారపు మాటయు తోచును. ఆ మాట ఎప్పుడు తేలునో మేము చెప్పలేము. కాని అక్కడ అప్పటికే తేలిన పని యొకటి యున్నది. గణపతిదేవుని సోదరి, నతవాడి రుద్రుని భార్య మైలాంబ, ధర్మకీర్తిసముద్రమను పేర నచ్చట చెఱువు త్రవ్వించి శాసనము వేయించినది. చెఱువు త్రవ్వించుట పుణ్యమని చెప్పి ఊరకొనక, ఆమె తన పుట్టింటి వంశక్రమమును మొదటినుండి చెక్కించినది. దుర్జయకులమున వెన్నడను రాజు కాకతి యను పురమునుండి యేలెననియు, అందుచే ఆ వంశమువారికి కాకతీశులను పేరు కలిగెననియు మనకు తెలుపునది ఆ శిలయే. ఓరుగంటి కోటద్వారమున వ్రాసికొన్న ‘కాకతీయ’ శబ్దమునకు వివరణ బయ్యారమున నున్నది. ఆ దారిని యాత్రికుల బస్సు పోదు.

ఈ శాసనములను వెలికితీసినవారు ప్రభుత్వోద్యోగులు మాత్రమే కారు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి స్మృతికై 1923లో హైదరాబాదున స్థాపింపబడిన పరిశోధకమండలివారు తమ సొంత ప్రయాసతో పల్లెపల్లె తిరిగి, ముండ్లపొదలలోని రాళ్లను కడిగి, ప్రతులు తీసి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటమును ప్రకటించిరి. బస్సులు, తారురోడ్లు లేని దినములలో ఎండ్లబండిమీదను, కాలినడకను వారు చూచిన తావులకు, నేడు చల్లని గాలి యంత్రముల వాహనములు పోజాలకున్నవి.

ఇక చెఱువుల మాట. కాకతీయుల కోట మట్టిగోడకంటె, రాతిగోడకంటె దృఢమైనది వారి చెఱువుకట్ట. పాకాల చెఱువు గణపతిదేవుని యధికారి జగదాల ముమ్మడి కట్టించినది. రామప్ప చెఱువు గుడి కట్టించిన రేచర్ల రుద్రునిదే. రామప్పగుడి చూచినవారిలో కొందఱు చెఱువునకు పోదురు, కాని పడవ యెక్కుటకు పోదురు. తూమెక్కడ నున్నదని అడుగువాడు కనబడడు. లక్నవరమున ఉయ్యాలవంతెనపై నిలిచి ఊగుటయే యాత్రాఫలము. రెండు గుట్టల నడుమ ఎంత పొట్టికట్ట వేసి ఎంత విస్తారమైన నీటిని నిలిపినారో, మత్తడి ఏ యెత్తున పెట్టినారో, అలుగు పాఱిన నీరు క్రింది చెఱువునకెట్లు చేరునో చెప్పిన పదేండ్ల బాలుడైనను అబ్బురపడి వినును. చెఱువు కాపాడువానికి దశబంధమని ఆయకట్టు ఫలమున పదవ వంతు నేర్పఱచిన ఏర్పాటు వినిన పెద్దవాడును ఆలోచనలో పడును. కట్టిన రాజ్యము 1323లో పోయినది. నీరు మాత్రము ఇప్పటికిని మడికి వచ్చుచున్నది.

భూపాలపల్లి జిల్లాలోని గణపురము మాట చెప్పుటకే మాకు సిగ్గగుచున్నది. రామప్పగుడినుండి అరగంట ప్రయాణము. రాతిప్రాకారము నడుమ గణపేశ్వరాలయము, చుట్టును చిన్న పెద్ద గుళ్లు కలిసి ఇరువది రెండు; ప్రక్కనే గణపసముద్రము. రామప్పలోని మదనికలతో సాటివచ్చు శిల్పములు అచ్చటను కలవు. ఏనుగుమీది సింహమును మోయు చిత్రమైన శిల్పములును కలవు. సగము కూలిన గుడి నిండుగుడికంటె ఎక్కువ బోధించును. గోడ లోపల ఏమున్నదో, రాయిమీద రాయి యెట్లు కూర్చినారో అచ్చట కంటికి కనబడును. ఆ మండలములోనే చెల్పూరున కాకతీయ తాపవిద్యుత్కేంద్రమున్నది. యంత్రమునకు కాకతీయుల పేరు పెట్టుట తెలిసిన మనకు, వారి గుళ్లకు దారి చూపుట తెలియలేదు. ఇంతకు ఈ జిల్లాకు యాత్రికులు రాకపోలేదు. 2019లో మేడిగడ్డ ఆనకట్ట వెలసినపుడు బస్సులు కట్టించుకొని జనము తీర్థమునకు పోయినట్లు పోయిరి. 2023 అక్టోబరులో ఆ స్తంభములు క్రుంగిన పిమ్మట రాజకీయనాయకులు పోయిరి. రెండు యాత్రలలోను గణపసముద్రపు కట్ట వారి దారికి దగ్గఱగనే యున్నది. ఒకమాఱు దిగి చూచినవారెవరైన నుండిరేని వారికి మా నమస్కారము.

ఇతరదేశములవారు ఏమి చేయుచున్నారు? కంబోడియాలోని అంకోరు మన ఓరుగంటివలెనే చెఱువులమీద నిలిచిన రాజధాని. అచ్చట ఒక దినమునకు, మూడు దినములకు, ఏడు దినములకు వేర్వేఱుగా టికెట్టులమ్ముదురు. ఒక్కదినమున చూడదగినది కాదని చెప్పకయే చెప్పుట అది. హంపీలో విజయనగరపు నాటి తుర్తు కాలువ నేటికిని పొలములకు పాఱుచున్నది. గుళ్లమధ్య అరటితోటలలో నడచు యాత్రికుడు రాయలకాలపు నీటిలో కాళ్లు కడుగుకొనును. మన చెఱువులు అంతకంటె పాతవి.

యాత్రను తిరుగవేయవలెనని మా సూచన. రాజధానిని మొదట కాక కడపట చూపవలెను. హైదరాబాదునుండి వచ్చు బస్సు పెంబర్తిలో ఆగి, ఇత్తడిరేకును సుత్తెతో కొట్టి దేవతలను పుట్టించు విశ్వకర్మల పనిని చూపి, పాలకుర్తి సోమనాథుని ఊరును, తెలంగాణము పోతనదని చెప్పుకొను బమ్మెరను చూపి, తొఱ్ఱూరు మీదుగ మానుకోట చేరవలెను. రాత్రి యచ్చటనే నిదురింపవలెను. ఉదయము కురవి, బయ్యారము, పిమ్మట పాకాల. మూడవనాడు గణపురము, రామప్ప. ఇవన్నియు చూచిన కన్నులతో సాయంకాలము కోటలో తోరణములక్రింద నిలిచినవానికి అవి వట్టి రాళ్లుగా కనబడవు. రైలులో వచ్చువానికి ఇంకను సులువు; కాజీపేట బెజవాడ మార్గమున మానుకోట స్టేషను ఉండనే యున్నది. రాత్రి నిలిచిన యాత్రికుడు భోజనము చేయును, ఆటో యెక్కును, పెంబర్తి పళ్లెమొకటి కొనును. నాడే తిరిగిపోవువాడు మన ఊళ్లలో విడుచునది ఖాళీ నీళ్లసీసాలు మాత్రమే.

ఎవరు వత్తురు, వచ్చినవారి కేమున్నదని ఆక్షేపించువారు కలరు. వసతిగృహములు చాలవన్న మాట నిజము. అంతకంటె పెద్ద లోపమును చెప్పినచో మన పాఠకులలో కొందఱికి కోపము రావచ్చును. చెప్పక తప్పదు. చెఱువులను చూపుదమని యాత్రికుని పిలిచినపుడు అతడు చెఱువును చూడవలెనుగదా? శిఖము భూమిలో ఏటేటికి రెండు గట్లు ముందునకు జరిపినవారు బీదవారు కారు. కాలువను పూడ్చి మడి కలుపుకొన్నవారును, ప్లాట్లు కోసినవారును ఊరిలో పెద్దమనుష్యులనిపించుకొనువారే. పాతగుడి స్తంభము పశువుల కొట్టమునకు గడపయైన యిండ్లు మేము చూచినాము. నిక్షేపము కొఱకు లింగముక్రింద త్రవ్వినవారు రాత్రివేళ వచ్చిరేగాని, ఆ గోతిని పగలు చూచియు పోలీసులకు చెప్పనివారు ఊరివారే. 2015లో మిషన్ కాకతీయ యని నలుబదియాఱువేలకు పైగా చెఱువులను బాగుచేయుటకు ప్రభుత్వము పూనుకొన్నపుడు పూడికమట్టిని పొలములకు తోలుకొని సంతోషించితిమి. చెఱువు హద్దురాళ్లు పాతుదమన్నప్పుడు ఆ సంతోషము ఎందఱిలో నిలిచినదో ఎవరి మనస్సు వారికి తెలియును. దశబంధము తినినవాడు కట్టను కాచెను; ఆయకట్టు తినుచున్న మనము నీరటికానికి గింజలు కొలుచుటయు మానితిమి.

యాత్రికులు వచ్చుట వలన కీడు లేదని మేమనము. గుడిముందు అంగళ్లు పెరుగును, చెఱువులో చెత్త పెరుగును, పాత రాతికి కొత్త సిమెంటు పూయు ఉత్సాహవంతులు బయలుదేరుదురు. కాని ఎవ్వరును చూడని గుడికి కలుగుచున్న కీడు వీనికంటె తక్కువ కాదు. పదిమంది కన్నులు పడు చోట గడ్డపాఱ దిగుట కష్టము.

ప్రభుత్వము చేయవలసినది కొంత కలదు: బయ్యారమున, గూడూరున శాసనముల పాఠమును నేటి తెలుగులిపిలో, అర్థముతో సహా, రాతిపై చెక్కించి ప్రక్కన నిలుపుట, గణపురమునకు రామప్పనుండి ఆదివారము బస్సు నడుపుట, మార్గదర్శకులుగా ఈ ఊళ్లలో చదివిన యువకులనే తీసికొని, వారికి శాసనములు చదువ నేర్పుట. పెద్ద వ్యయము గల పనులు కావివి. కాని పొరుగూరి యాత్రికునికంటె ముందు మన పిల్లలు చూడవలెను. మానుకోట, జనగామ, భూపాలపల్లి ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులు తొమ్మిదవ తరగతి పిల్లలను విహారయాత్రకని హైదరాబాదు జంతుప్రదర్శనశాలకు తీసికొనిపోవుచున్నారు. రాబోవు సంక్రాంతి ముందు, చెఱువులు నిండియుండగా, వారినొక్కమాఱు బయ్యారము కట్టమీదికి నడిపింపుడు. బస్సు అద్దెకు చాలనిచో ఆయకట్టు రైతులను అడుగుడు, మేమును అడుగుదుము.